మోకరించానన్న గొంతు

బోయిగూడలో జ్ఞానశేఖర్ గొంతు తెలియనివాళ్ళు లేరు. ఆదివారం ఆరాధనలో ఆయన వాక్యం చదవడానికి లేస్తే ఇక మైకు దండగ అనేవారు సంఘంలో. రైల్వేలో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి, బైబిలు కాలేజీ గడప తొక్కినవాడు కాదు. అయితేనేం, మోకరించి "తండ్రీ" అని ఒక్క పిలుపు పిలిచాడంటే వెనక బెంచీలో కునికిపాట్లు పడే పెద్దమనిషి కూడా ఉలిక్కిపడి సర్దుకుని కూర్చోవలసిందే. రోజూ తెల్లవారుజామున ఇంట్లో చాప పరుచుకుని, సంఘంలో జబ్బుపడ్డవాళ్ళకు ఒక్కొక్కరికే ఫోను చేసేవాడు. రాత్రి నిద్ర పట్టిందా, నొప్పి తగ్గిందా అని అడిగి, మోకాళ్ళ మీదనే ఫోనులో గట్టిగా ప్రార్థన చేసేవాడు.

"మా ఇంట్ల అలారం ఎందుకు సాబ్. ముందు అజాన్, ఎన్కనే మీ దువా. పండుకుందామన్నా పండుకోనియ్యరు" అని పక్కింటి సలీం నవ్వేవాడు. నవ్వేవాడే గానీ, వాళ్ళమ్మకు ఆయాసం ఎక్కువైన రోజున జ్ఞానశేఖర్ తలుపే తట్టాడు.

అలాంటి గొంతుకే క్యాన్సర్ వచ్చింది.

చూడండి, దేవుడు కాలు తీసుకోవచ్చు, కన్ను తీసుకోవచ్చు, రైల్వే గుమాస్తాకు గొంతుతో ఏం పని అని దాన్నే తీసుకున్నాడేమో తెలియదు. సంఘంలో ఆ మాట అందరికీ నాలుక చివరిదాకా వచ్చింది, ఎవరూ అనలేదు. స్వరపేటిక మొత్తం తీసెయ్యాలన్నారు డాక్టర్లు. తీసేశారు. మెడ కింద చిన్న రంధ్రం మిగిలింది, ఊపిరి అక్కడినుంచే. దాని మీద పల్చటి గుడ్డ కట్టుకుని ఇంటికి వచ్చిన రోజు భార్య బ్యూలా పళ్ళెంలో అన్నం పెట్టి, "చాలా, ఇంకొంచెం పెట్టనా" అని అడిగింది. జవాబు రాకపోయేసరికి అప్పుడు గుర్తొచ్చి, వంటింట్లోకి పోయి ఏడ్చింది.

వాళ్ళ ఒక్కగానొక్క కూతురు ఫెయిత్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంది, ఇంటి నుంచే పని. తండ్రి కిటికీ దగ్గర కూర్చుని తన ఫోను వంకే చూస్తూ ఉండటం ఆ పిల్ల చూడలేకపోయింది. సంఘంలో ఏళ్ళ తరబడి రికార్డు చేసిన ఆరాధనలన్నీ తెప్పించింది. వాటిలోంచి తండ్రి గొంతును ఏరి, కంప్యూటర్‌కు నేర్పింది. ఒక ఆదివారం మధ్యాహ్నం ఫోను చేతికిచ్చి, "ఏదన్నా టైప్ చెయ్యి డాడీ" అంది. ఆయన ఒక్క వేలితో పొడిచి పొడిచి "బ్యూలా, టీ పెట్టు" అని కొట్టాడు. ఫోను ఆ మాట అంది. ఆయన గొంతుతోనే అంది, చివర్లో ఆయన తీసే చిన్న దీర్ఘంతో సహా. వంటింట్లో బ్యూలా చేతిలో గిన్నె జారి పడింది.

ఆ సాయంత్రం వాళ్ళింట్లో పండగే. ఎందుకు కాకూడదు? పోయిందనుకున్నది తిరిగొచ్చింది. దేవుడిచ్చిన తెలివితోనే కదా మనిషి యంత్రం చేసింది అన్నాడు పాస్టరు గారు. ఆ మాటలో తప్పు లేదు.

మొదట్లో అంతా బాగానే సాగింది. జ్ఞానశేఖర్ తెల్లవారుజామునే లేచి, ఒక్కొక్కరిని తలుచుకుని, ఒక్క వేలితో నాలుగు మాటలు కొట్టి పంపేవాడు. రోగులు ఏడుస్తూ జవాబులు పెట్టేవారు. ఆ వాయిస్ మెసేజీలు చేతులు మారాయి. ఇంకో సంఘం వాళ్ళు మాకూ పంపండి అన్నారు, మా అత్తమ్మకు, మా ఆఫీసు వాళ్ళకు అన్నారు. ఆయన వేలు నొప్పి పెట్టింది. రేడియేషన్ తర్వాత ఒళ్ళు నిలవడం లేదు, తెల్లారినా లేవలేకపోయేవాడు. ఫెయిత్ జాలిపడి ఇంకో ఏర్పాటు చేసింది. పేరు, బాధ ఏమిటో రాసి పెడితే చాలు. తగిన వాక్యం వెతికి, ప్రార్థన తానే అల్లి, ఆయన గొంతులో చదివి, పొద్దున్నే తానే పంపేస్తుంది కంప్యూటర్. "ఈ ఉదయం మీ కోసం మోకరించి ప్రభువును వేడుకున్నాను" అని మొదలై, "ప్రభువు మన మొర ఆలకించాడు" అని ముగిసేది.

మొదట ఆయన ప్రతిదీ విని సరే అన్నాకే వెళ్ళేది. తర్వాత కొన్ని విని సరే అన్నాడు. తర్వాత వినకుండానే సరే అన్నాడు. కొన్నాళ్ళకు ఆ సరే కూడా అక్కర్లేకుండా చేసి పెట్టింది ఫెయిత్. తప్పు అనేది తలుపు బద్దలుకొట్టుకుని రాదు. చెప్పులు గుమ్మం బయట విప్పి, మర్యాదగా లోపలికొచ్చి కూర్చుంటుంది.

ఇంకో సంగతి కూడా ఉంది, అది ఆయన ఎవరికీ చెప్పలేదు. ఒకటి రెండుసార్లు చాప మీద మోకరించి చూశాడు. నోరు కదులుతుంది, మాట రాదు, మెడ కింద గాలి బుసమంటుంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ గొంతెత్తి ప్రార్థించిన మనిషి. ప్రార్థన అంటే వినబడాలి, పక్క గదిలోకి వినబడాలి. ఈ బుసబుస ఆయనకు ప్రార్థన అనిపించలేదు. గొంతు ఇప్పుడు ఫోనులో ఉంది, ప్రార్థన చేసేది అదే అనుకున్నాడు. చాప చుట్టి తలుపు వెనక పెట్టాడు.

"ఏమండీ, ఈమధ్య మోకరించడం లేదే" అని బ్యూలా ఒకసారి అడిగింది. ఆయన మెడ చూపించాడు. ఆమె ఇంకేం అడుగుతుంది.

బాలమ్మ వచ్చింది ఒక మంగళవారం పొద్దున, టిఫిన్లయ్యాక.

బాలమ్మకు మోండా మార్కెట్‌లో గాజుల దుకాణం ఉంది, అత్తగారి కాలం నుంచీ ఉన్న దుకాణం. ఇల్లు మారేడ్‌పల్లిలో. బొట్టు పెట్టుకుని, వారం వారం ఉజ్జయిని మహంకాళికి మొక్కుకునే మనిషి. ఆపరేషన్‌కు ముందు జ్ఞానశేఖర్ పరీక్షల కోసం ఆసుపత్రి చుట్టూ తిరుగుతున్న రోజుల్లో, వరండాలో ఎవరో రోగి పక్కన నిలబడి ప్రార్థన చేస్తుంటే ఆమె విని, కొంగుతో కళ్ళు తుడుచుకుని, "సారూ, నా కొడుకు సుత లోపల డయాలసిస్ మీద ఉన్నడు. మీ దేవునికి జెర చెప్పరాదు" అంది. అప్పుడే డాక్టరు పిలిచాడు. నంబరివ్వండమ్మా, రోజూ ప్రార్థన చేస్తానని చెప్పి జ్ఞానశేఖర్ లోపలికి వెళ్ళాడు. ఆ నంబరు ఇంటికొచ్చి ఫెయిత్ చేతికిచ్చాడు. బాలమ్మ గారు, కొడుకు, కిడ్నీ, అని రాసుకుంది ఫెయిత్. ఆయన వినడం మానేశాకే ఆ పేరు కంప్యూటర్‌లోకి ఎక్కింది.

ఇప్పుడామె గుమ్మంలో నిలబడింది. మనిషి సగమైంది. బ్యూలా కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"సారూ, నేను కొట్లాటకు రాలే. ఒక్క ముచ్చట అడిగి పోత" అంది. "మా పోరడు పోయిండు. పోయిన నెల."

జ్ఞానశేఖర్ కుర్చీలోంచి లేచాడు.

"ఆ దినమే ఫోన్ల చెప్పిన నీకు. ఏడ్చుకుంట చెప్పిన. ముట్టిందో లేదో ఎరుక లేదు. తెల్లారి నీ గొంతు మళ్ళ వచ్చింది." ఆమె తన ఫోను తీసి నొక్కింది. గదిలో జ్ఞానశేఖర్ గొంతు గంభీరంగా పలికింది. బాలమ్మ గారూ, ఈ ఉదయం మీ కోసం మోకరించి ప్రభువును వేడుకున్నాను. మీ కుమారుని మూత్రపిండాలను ఆయన ముట్టి బలపరచును గాక. "ఇది ఆడు పోయిన తెల్లారి. పెద్దకర్మ నాడు సుత వచ్చింది. నిన్న సుత వచ్చింది."

బ్యూలా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కంప్యూటర్ సందేశాలు పంపే ఆ నంబరుకు వచ్చే జవాబులు వినేవాళ్ళు ఇంట్లో ఎవరూ లేరు. అవి అలా వచ్చి పడుతుంటాయి. లోపలి గదిలో పని చేసుకుంటున్న ఫెయిత్ తండ్రి గొంతు విని బయటికొచ్చి, గోడకు ఆనుకుని నిలబడిపోయింది.

బాలమ్మ గొంతు పెంచలేదు. "అందుకు సుత నేను రాలే సారూ. పోయేటోన్ని ఎవలాపుతరు. మా పోరడు డయాలసిస్‌కు పోయే పొద్దల్ల నీ మాట పెట్టుకుని వినెటోడు. అమ్మా, మనకు ఏం గానోడు, మన కులం గాదు, మన దేవుడు గాదు, నా కోసం పొద్దున లేచి మోకాళ్ళ మీద కూసుంటున్నడే అనెటోడు. గా మాట మీదనే సూదులకు చెయ్యి చాపెటోడు. ఆఖరు దినం సుత విన్నడు." ఆమె ఫోను కొంగులో చుట్టుకుంది. "గిప్పుడు నాకు పరేషాన్ పట్టింది. ఆడు లేడని ఎరుకలేని మనిషి, ఆడున్నప్పుడన్న కూసున్నడా అని. ఒక్క దినమన్న కూసున్నవా సారూ? అది చెప్పు. చాలు."

జ్ఞానశేఖర్ ఫోను తీసుకున్నాడు.

ఫెయిత్ ఆయన పక్కకు వచ్చి చెవిలో మెల్లగా అంది. "అవునని చెప్పు డాడీ. ఆమెకు మిగిలింది అదొక్కటే. అది కూడా తీసెయ్యకు. తప్పు నాది, నేను తర్వాత దేవుణ్ణి అడుగుతా. ప్లీజ్."

ఆ పిల్ల మాట దుర్మార్గపు మాట కాదు. అవును అన్న ఒక్క మాటతో ఆ తల్లి ఇంటికి పోయి ఒక్క రాత్రి నిద్రపోతుంది. చచ్చినవాడికి వచ్చే నష్టం లేదు. జ్ఞానశేఖర్ అవును అని కొట్టాడు కూడా. వేలు మీట మీద పెట్టి ఆమె ముఖం వంక చూశాడు. ఆ ముఖంలో ఆశ ఉంది. ఇన్నాళ్ళూ ఈ గొంతు ఎంత అబద్ధమాడిందో, ఆ అబద్ధం మీద ఒక పిల్లవాడు ఎంత బరువు మోపాడో ఇప్పుడు కళ్ళెదుట నిలబడింది. మళ్ళీ అదే గొంతుతో, తెలిసి తెలిసి, ఇంకొకటా?

కొట్టింది చెరిపేశాడు. మళ్ళీ కొట్టడానికి చాలాసేపు పట్టింది.

"లేదమ్మా. ఒక్క రోజు కూడా లేదు. అదంతా కంప్యూటర్ తయారు చేసి పంపింది. నేను వినను కూడా వినలేదు. మీ అబ్బాయి పేరు నాకు తెలియదు." ఆ యంత్రానికి సిగ్గు తెలియదు, దుఃఖం తెలియదు. ఆ నాలుగు మాటలూ అదే ప్రార్థన గొంతుతో, అదే తియ్యదనంతో, చివర్లో అదే దీర్ఘం తీసి మరీ చదివింది. జ్ఞానశేఖర్‌కు ఫోను నేలకేసి కొట్టాలనిపించింది.

బాలమ్మ తల ఊపింది. కొంగు భుజం మీదుగా కప్పుకుంది. గుమ్మం దాకా పోయి, వెనక్కి తిరక్కుండానే అంది.

"విజయేందర్ ఆని పేరు. ఆడు లేనప్పుడు చెప్పినవ్, అదే నయం సారూ."

ఆ రోజు ఇంట్లో ఎవరూ అన్నం ముట్టలేదు. సాయంత్రం ఫెయిత్ ఆ ఏర్పాటంతా తీసేసింది. ఏడుస్తూనే తీసేసింది. "నువ్వు కష్టపడకూడదనే చేసిన డాడీ" అంటే ఆయన కూతురి తల నిమిరాడు. చేసింది కూతురైనా, చేయనిచ్చింది తాను. ఆ లెక్క ఆయనకు తేలిగ్గానే తెగింది.

మర్నాడు ఆయన అందరికీ ఒక్క సందేశం పంపాడు, గొంతు లేకుండా, వట్టి అక్షరాల్లో. మీ కోసం మోకరించానని నా గొంతుతో వచ్చిన మాటలు నిజం కావు, నేను మోకరించలేదు, క్షమించండి అని. పాస్టరు గారు పరుగెత్తుకొచ్చాడు. ఇంట్లో అనుకుని దిద్దుకుంటే పోయేదానికి నలుగురిలో చెప్పుకోవాలా బ్రదర్, పరిచర్యకే మచ్చ కదా అన్నాడు. జ్ఞానశేఖర్ తల దించుకుని విన్నాడు. సంఘంలో కొందరు పలకరించడం మానేశారు. కొందరు మాకైతే మేలే జరిగింది, ఆపకండి అని రాశారు, ఆ రాతలు ఆయనకు ఇంకా కష్టంగా తోచాయి. సంఘంలోనే మంచం పట్టిన హదస్సా అనే పిల్ల ఒక్కతే తన సన్నటి గొంతుతో మెసేజ్ పెట్టింది. "నాకు ఎప్పుడో డౌట్ వచ్చింది అంకుల్. మీరైతే ముందు నిద్ర పట్టిందా అని అడిగేటోళ్ళు. అది అడగలేదు. అడిగితే మీరు బాధపడుతరని ఊకున్న."

ఆయన చాప తీసి పరిచాడు. రోజూ మోకరించాడు. ఏం చెప్పాలో తెలియలేదు. గాలి బుసమనేది, కాసేపటికి దగ్గు వచ్చేది, మెడగుడ్డ తడిసేది. తండ్రీ అన్న పిలుపు కూడా పెదవుల దగ్గరే ఆగిపోయేది. విజయేందర్ కోసం ప్రార్థిద్దామంటే వాళ్ళ సంఘంలో పోయినవాళ్ళ కోసం ప్రార్థించరు. బతికుండగా చెయ్యాలి, పోయాక ఇక దేవుని చేతిలో ఉన్నట్టు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. ఆ పిల్లవాడికి ఆయన బాకీపడ్డ ప్రార్థన ఇక ఎప్పటికీ తీర్చలేడు. ఆ సంగతి మోకాళ్ళ మీద ఉన్నప్పుడే ఆయనకు పూర్తిగా అర్థమైంది.

ఒకరోజు మధ్యాహ్నం చొక్కా తొడుక్కుని బయలుదేరాడు. ఎక్కడికని బ్యూలా అడగలేదు. మెడకు ఉతికిన గుడ్డ కట్టి పంపింది.

మోండా మార్కెట్‌లో ఆ వేళకు రద్దీ కొంచెం పలచబడుతుంది గానీ గోల తగ్గదు. గాజుల దుకాణాల సందులో అడిగి అడిగి, అంటే సైగలు చేసి, బాలమ్మ దుకాణం పట్టుకున్నాడు. ఆమె గద్దె మీద ఒక్కతే కూర్చుని గాజుల డజన్లకు దారాలు కడుతోంది. ఆయన్ను చూసి చెయ్యి ఆపింది.

"ఏందీ సారూ. మళ్ళ ఫోన్ తెచ్చినవా?"

ఆయన జేబులోంచి ఫోను తీసి, ఆమె చూస్తుండగా ఆపేసి, గల్లాపెట్టె పక్కన పెట్టాడు. తన మోకాళ్ళు చూపించాడు. నేల చూపించాడు.

బాలమ్మకు అర్థమైంది. "ఆడు లేడు గద. గిప్పుడు ఎవలికి చేస్తవ్?"

ఆయన ఆమెను చూపించాడు.

ఆమె వద్దనలేదు, రమ్మనలేదు. గద్దె ముందున్న గాజుల పెట్టెలు రెండు పక్కకు జరిపింది.

ఆ ఇరుకులో ఆయన మోకరించాడు. ముసలి మోకాళ్ళు, సిమెంటు నేల. బయట ఎవడో ఉల్లిగడ్డల ధర అరుస్తున్నాడు, బండ్లు హారన్లు కొడుతున్నాయి. కొనడానికి వచ్చిన ఇద్దరాడవాళ్ళు ఇదేమిటని చూసి, బాలమ్మ చెయ్యి ఊపితే వెళ్ళిపోయారు. జ్ఞానశేఖర్ పెదవులు కదిలాయి. ఈసారి దగ్గు రాలేదు. ఏం చెప్పాలా అని వెతుక్కోలేదు కూడా, ఎదురుగా ఉన్న మనిషి గురించే చెప్పాడు. ఈ తల్లి కడుపుకోత సంగతి చెప్పాడు. నేను దొంగనయ్యాను, ఆ దొంగతనం ఈమె కొడుకు దగ్గర చేశాను, ఈమెను ఒంటరిగా వదలకు అని చెప్పాడు. మెడ కింద గాలి సన్నగా బుసకొడుతూనే ఉంది. ఆయన దాన్ని పట్టించుకోలేదు. చాలాసేపు అలాగే ఉన్నాడు.

బాలమ్మ ఆయన పెదవుల వంకే చూస్తూ కూర్చుంది. ఆయన కళ్ళు తెరిచాక మెల్లగా అడిగింది.

"విన్నడా సారూ?"

ఫోనులో గొంతైతే రోజూ చెప్పేది, ప్రభువు మన మొర ఆలకించాడని, ఏనాడూ తడుముకోకుండా. జ్ఞానశేఖర్ ఆమె ముఖంలోకి చూశాడు. విన్నాడనే ఆయన నమ్మకం. కానీ కొడుకును పోగొట్టుకున్న మనిషి అడుగుతోంది, నమ్మకం గురించి కాదు, ఎరుక గురించి. ఆయన రెండు చేతులూ విప్పి చూపించాడు. తెలియదమ్మా అని తల అడ్డంగా ఊపాడు.

బాలమ్మ ఆయన చేతుల వంక చూసింది.

"గిప్పుడు నిజం చెప్పినవ్" అంది. అని, గద్దె దిగి, ఆయన పక్కన ఆ సిమెంటు నేల మీదనే కూలబడింది. కొడుకు పోయిన దగ్గర్నుంచీ దుకాణంలో చుక్క కన్నీరు రానివ్వని మనిషి, "విజయేందరా" అని గొంతెత్తి ఏడ్చింది. మోండా మార్కెట్ తిరిగి చూసింది. జ్ఞానశేఖర్ లేవలేదు. ఆయనా ఏడ్చాడు, ఆమెలాగే నోరు తెరిచి, గుండెలవిసేలా. బయటివాళ్ళకు ఒక్కరి ఏడుపే వినబడింది.